హై లెగ్ డెల్టా సరఫరా, హోటల్ వంటశాల యంత్రాలు

మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మర్ చుట్లను త్రికోణంగా కలిపి, అందులో ఒక చుట్టుకు సరిగ్గా నడిమధ్య నుంచి తీగ తీసి, దాన్ని ఎర్త్ చేసి న్యూట్రల్‌గా వాడుకునే సరఫరా పద్ధతిని హై లెగ్ డెల్టా అంటారు. ఇది ఎక్కువగా అమెరికాలో కనిపించే పద్ధతి. ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా 240 ఓల్టులే ఉంటాయి. న్యూట్రల్‌తో కొలిస్తే మాత్రం రెండు ఫేజులు 120 చూపిస్తాయి, మూడోది 208 చూపిస్తుంది. ఆ మూడో తీగే హై లెగ్. అక్కడి ఎలక్ట్రీషియన్లు దాన్ని వైల్డ్ లెగ్ అనీ స్టింగర్ అనీ పిలుస్తారు. ముట్టుకున్నవాళ్ళు పెట్టిన పేర్లలాగే ఉన్నాయి.

నిడదవోలులో గానీ, ఆంధ్రప్రదేశ్‌లో మరెక్కడైనా గానీ హోటలుకు ఇలాంటి సర్వీసు ఇవ్వరు. అయినా ఇది ఇక్కడివాళ్ళకు పనికొచ్చే సంగతే. అమెరికాలో టిఫిన్ హోటలు తెరిచే గోదావరి జిల్లాలవాళ్ళకు పాత భవనాల్లో ఈ సరఫరా ఎదురవుతుంది. అదీగాక, ఇక్కడ స్తంభం మీద ఒక్క ఫ్యూజు పోయిన రోజున మన వంటశాలలోనూ మీటరు దాదాపు ఇవే అంకెలు చూపిస్తుంది. రెంటికీ తేడా తెలియకపోతే మోటారు వైండింగ్ షాపుకు వెళుతుంది.

నిడదవోలుకు వచ్చే కరెంటు

నిడదవోలు విజయవాడ–విశాఖపట్నం ప్రధాన రైలు మార్గంలో జంక్షను. భీమవరం వెళ్ళే లైను ఇక్కడే విడిపోతుంది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి మారింది. జంక్షను ఊళ్ళో టిఫిన్ హోటళ్ళు తెల్లవారకముందే లేవాలి. కళ్యాణ మండపాలు, కేటరింగ్ వాళ్ళ వంటశాలలు, బేకరీలు ఉన్నాయి. తిమ్మరాజుపాలెం కోట సత్తెమ్మ తిరునాళ్ళ రోజుల్లో వచ్చిపోయే జనానికి వండిపెట్టే పని వేరే. ఇదే మండలంలో విజ్జేశ్వరం దగ్గర 272 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇంత దగ్గర కేంద్రం ఉంది గనక మనకు ఓల్టేజీ బాగుంటుందనుకోవడం మాత్రం పొరపాటు. అలాంటి కేంద్రాల కరెంటు ముందు రాష్ట్ర గ్రిడ్డులో కలుస్తుంది. మన ఓల్టేజీ బాగోగులు వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు, అక్కడి నుంచి వచ్చే తీగ పొడవు తేలుస్తాయి.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999 ఫిబ్రవరి 1న జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. 2000లో పంపిణీ కంపెనీలు విడివడ్డాయి. నిడదవోలు విశాఖపట్నం కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్ కిందికి వచ్చింది. జనానికి మాత్రం అది ఎప్పటికీ కరెంటాఫీసే.

సబ్‌స్టేషను నుంచి వీధుల్లోకి 11 కిలోవోల్టుల ఫీడరు మూడు తీగలతో వస్తుంది. అందులో న్యూట్రల్ ఉండదు. వీధి ట్రాన్స్‌ఫార్మరులో పై వైపు చుట్లు త్రికోణంగా, కింది వైపు చుట్లు స్టారుగా ఉంటాయి. స్టారు అంటే మూడు చుట్ల ఒక్కో కొసా ఒకే బిందువు దగ్గర కలవడం. ఆ బిందువును ఎర్త్ చేసి న్యూట్రల్ తీస్తారు. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫేజుల మధ్య 433, న్యూట్రల్‌తో 250 ఓల్టులు. హోటలు మీటరు దాకా వచ్చేసరికి లెక్కకు 415, 240 అంటారు. న్యూట్రల్ సరిగ్గా నడుమ ఉంది గనక మూడు ఫేజులూ దానికి సమాన దూరంలో ఉంటాయి. ఎరుపు, పసుపు, నీలం తీగల్లో దేన్ని తీసుకుని న్యూట్రల్‌తో కలిపినా బల్బు ఒకేలా వెలుగుతుంది. ఈ సౌకర్యానికి మనం ఎంతగా అలవాటు పడ్డామంటే, వేరే రకంగా ఉండే ఊళ్ళుంటాయని తోచదు.

బ్రిటిషువాళ్ళ కాలం నుంచీ మన దేశంలో బల్బుకూ మోటారుకూ ఇవే నాలుగు తీగలు. అమెరికాలో ఇళ్ళకు ముందు 120/240 సింగిల్ ఫేజు వచ్చింది. 240 ఓల్టుల చుట్టుకు నడుమ న్యూట్రల్ తీస్తే అటు 120, ఇటు 120. తర్వాత ఊళ్ళో ఒక రొట్టెల దుకాణమో, మాంసం కొట్టో మూడు ఫేజుల మోటారు కావాలంటే, ఉన్న సింగిల్ ఫేజు ట్రాన్స్‌ఫార్మరు పక్కనే మరొకటో రెండో తగిలించి త్రికోణం పూర్తిచేశారు. బల్బులూ సాకెట్లూ పాత ట్రాన్స్‌ఫార్మరు మీదే ఉండిపోయాయి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లతోనే మూడు ఫేజులు తీసే ఓపెన్ డెల్టా కూడా ఇందులో భాగమే. మూడు ఉంటే వచ్చే సామర్థ్యంలో ఇది దాదాపు 58 శాతమే ఇస్తుంది. అప్పటికి చవకగా పని జరిగింది. ఇప్పుడు చాలా కరెంటు కంపెనీలు కొత్తగా ఈ సర్వీసు ఇవ్వడం మానేశాయి. పాత షాపింగ్ వరసల్లో మాత్రం అలాగే ఉంది. కొత్త హోటళ్ళు అద్దెకు దిగేది తరచూ అలాంటి చోట్లలోనే.

208 ఎక్కడి నుంచి వచ్చింది

త్రికోణం గీసి, కింది భుజం నడిమధ్య ఒక చుక్క పెట్టండి. అదే న్యూట్రల్. కింది రెండు మూలలూ ఆ చుక్కకు 120 దూరంలో ఉంటాయి. పై మూల చుక్కకు నిట్టనిలువుగా ఉంది. ఆ ఎత్తు 120ని 1.732తో హెచ్చిస్తే వచ్చే 208. అంతకంటే మర్మం లేదు.

ఈ పై మూల నుంచి వచ్చే తీగను నారింజ రంగుతో గానీ, అంత స్పష్టమైన వేరే గుర్తుతో గానీ చూపాలని అమెరికా విద్యుత్ నియమావళి చెబుతుంది. పంపిణీ ప్యానెల్లో దాని చోటు నడిమి బస్‌బారు, అంటే బి ఫేజు. దాంతో ప్యానెల్లో ప్రతి మూడో గడి హై లెగ్‌దవుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్లు 120 ఓల్టుల సర్క్యూట్లకు ఆ గడులు వదిలేసి బ్రేకర్లు బిగిస్తారు. వరసలో ఖాళీలు చూసి, పాపం వృథాగా వదిలేశారనుకుని ఎవరైనా కొత్త బ్రేకరు పెట్టి క్యాష్ కౌంటరు కంప్యూటరునో, చిన్న ఫ్రిజ్జునో తగిలిస్తే 120 ఓల్టుల సామానుకు 208 అందుతుంది.

బ్రేకరు మీద రాసినదీ చదవాలి. 120/240 అని గీత పెట్టి రాసిన రెండు పోళ్ళ బ్రేకరు, ఎర్త్‌తో 120కి మించని తీగలకే. హై లెగ్ కలిసే సర్క్యూట్‌కు గీత లేకుండా 240 అని రాసినది కావాలి. చూపుకు రెండూ ఒకటే. తేడా వచ్చేది లోపల షార్టయిన రోజునే.

పెద్ద డిష్‌వాషర్లకూ ఓవెన్లకూ హీటర్లు మూడు ఫేజుల మీద నడుస్తాయి, కంట్రోల్ బోర్డుకూ టైమరుకూ మాత్రం 120 ఓల్టులు కావాలి. కొన్ని యంత్రాలు ఆ 120ని లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో తామే తయారుచేసుకుంటాయి. వాటికి మూడు ఫేజులూ ఒక ఎర్తూ చాలు; హై లెగ్ అయినా, మరోటైనా వాటికి పట్టదు. మరికొన్ని ఒక ఫేజునూ న్యూట్రల్‌నూ అడుగుతాయి. ఆ ఒక్క ఫేజు టెర్మినల్‌కు హై లెగ్ తగిలితే బోర్డు అప్పటికప్పుడే పోతుంది. యంత్రం వెనక రేకు మీద 208 ఓల్టులు, మూడు ఫేజులు, నాలుగు తీగలు అని ఉంటే అది స్టారు సరఫరాకు చేసినది. హై లెగ్ 208 అని వినగానే ఇది సరిపోయిందనుకునేవాళ్ళుంటారు. రేకు మీది 208 ఫేజుకూ ఫేజుకూ మధ్యది, హై లెగ్ 208 న్యూట్రల్‌తో కొలిచినది. అంకె ఒకటే, సంబంధం లేదు.

మన ఊళ్ళో 240, 120, 120

నిడదవోలులో గాలివాన వచ్చి 11 కిలోవోల్టుల వైపు ఒక ఫ్యూజు పోయిందనుకుందాం. పై వైపు త్రికోణంలో ఒక చుట్టుకే పూర్తి ఓల్టేజీ అందుతుంది. మిగతా రెండూ వరసగా కలిసి ఆ ఓల్టేజీనే సగం సగం పంచుకుంటాయి. కింది వైపు న్యూట్రల్‌తో కొలిస్తే ఒక ఫేజు 240, తక్కిన రెండూ సుమారు 120. వీధిలో ఒక వరస ఇళ్ళకు దీపాలు బాగుంటాయి, రెండు వరసలకు మిణుకుమిణుకుమంటాయి.

హై లెగ్ అంకెలు 208, 120, 120. ఇవేమో 240, 120, 120. ఇంత దగ్గరగా ఉన్నా లోపలి సంగతి పూర్తిగా వేరు. హై లెగ్‌లో ఫేజుల మధ్య మూడు చోట్లా 240 ఉంటుంది. మూడు ఫేజులూ వరస తప్పకుండా తిరుగుతూనే ఉంటాయి, మోటారు హాయిగా నడుస్తుంది. మన ఫ్యూజు పోయిన చోట ఫేజుల మధ్య కొలిస్తే రెండు చోట్ల సుమారు 360, మూడో చోట సున్నా. అంటే మూడు తీగలున్నా మిగిలింది సింగిల్ ఫేజే. అప్పుడు గ్రైండరు స్విచ్చేస్తే రాయి కదలదు, మోటారు గుర్రుమంటుంది. అప్పటికే తిరుగుతున్న మోటారైతే ఆగకుండా ఎక్కువ కరెంటు లాక్కుంటూ వేడెక్కుతుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే మోటారుకు తగ్గట్టు సెట్ చేసి ఉంటే తప్పిస్తుంది. తరచూ ట్రిప్పవుతోందని దాన్ని చివరిదాకా తిప్పేసిన హోటల్లో వారానికో మోటారు వైండింగుకు వెళుతుంది. ఒక ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఖర్చు ఒక్క రీవైండింగు కూలితో పోల్చుకుంటే తక్కువే.

ఇలాంటి చోట టెస్టరు స్క్రూడ్రైవరును నమ్మకూడదు. అందులోని నియాన్ దీపం 120కీ వెలుగుతుంది, 208కీ వెలుగుతుంది, 240కీ వెలుగుతుంది. తిరుగుతున్న మోటారు, పోయిన ఫేజులోకి వెనక నుంచి ఓల్టేజీ పంపుతుంది గనక లేని ఫేజులోనూ వెలుగుతుంది. పాత ఎలక్ట్రీషియన్లు సంచిలో రెండు బల్బులను వరసగా కలిపి కట్టిన టెస్ట్ ల్యాంపు పెట్టుకునేవారు. ఒక్క బల్బును ఫేజుల మధ్య పెడితే 415కు పేలిపోతుంది కాబట్టి రెండు. వెలుగు తేడాను బట్టి వాళ్ళు చాలా సంగతులు చెప్పగలిగేవారు. ఇప్పుడు మల్టీమీటరు చవకే. చేయాల్సింది ఆరు కొలతలు: ఫేజుల మధ్య మూడు, ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌తో మూడు. మన స్టారులో మూడు 415లు, మూడు 240లు. అమెరికా స్టారులో మూడు 208లు, మూడు 120లు. హై లెగ్‌లో మూడు 240లు. న్యూట్రల్‌తో రెండు 120లు, ఒక 208. ఆరూ చూడకుండా కొత్త యంత్రానికి తీగ బిగించకూడదు. న్యూట్రల్‌తో మూడు మాత్రమే కొలిచి ఆపేసినవాడికి హై లెగ్ సరఫరా, ఫ్యూజు పోయిన మన సరఫరా దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

న్యూట్రల్ తెగితే జరిగేది ఇంకో రకం నష్టం. ఒక ఫేజు మీద 2,000 వాట్ల ఓవెను, ఇంకో ఫేజు మీద 200 వాట్ల ఫ్రిజ్జు మాత్రమే నడుస్తున్నాయనుకుంటే, న్యూట్రల్ లేనప్పుడు రెండూ 415 మీద వరసగా పడతాయి. నిరోధం ఎక్కువున్న ఫ్రిజ్జు దాదాపు 377 ఓల్టులు మింగుతుంది, ఓవెనుకు 38 మిగులుతుంది. పెద్ద సామాను చల్లబడి చిన్న సామాను కాలిపోయిందంటే ముందు అనుమానించాల్సింది న్యూట్రల్ జాయింటునే. ఆవిరి, నూనె చెమ్మ కలిసిన వంటశాలలో అల్యూమినియం తీగను రాగి టెర్మినల్‌కు నేరుగా చుట్టి వదిలేస్తే అది తెల్లబూజు పట్టడానికి ఎంతోకాలం పట్టదు.

గ్రైండరు సముద్రం దాటితే

తెలుగువాళ్ళ హోటలుకు రుబ్బురాయి గ్రైండరు ప్రాణం. భౌగోళిక గుర్తింపు దక్కిన కోయంబత్తూరు వెట్ గ్రైండరే అందరికీ తెలిసినది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లోనైనా దోసెల పిండికి మిక్సీ సరిపోదు. పెద్ద టిల్టింగ్ గ్రైండరును ఇక్కడి నుంచే ఓడలో వేయించుకునేవాళ్ళుంటారు. దాని మోటారు 415 ఓల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ ఏం చేయాలి?

మోటారు టెర్మినల్ పెట్టె మూత తీసి చూడాలి. మన దేశంలో 3 హార్స్‌పవర్ దాకా చిన్న మోటార్లను సాధారణంగా స్టారుగా కలుపుతారు. 5, ఆ పైన డెల్టాగా. స్టారుగా కలిపిన మోటారులో ఒక్కో చుట్టుకు అందేది 415 కాదు, 240. పెట్టెలోకి ఆరు కొసలూ తెచ్చి ఉంటే, నడిమి పట్టీలు తీసి డెల్టాకు మార్చవచ్చు. అప్పుడు ఒక్కో చుట్టూ నేరుగా ఫేజుల మధ్య ఉంటుంది. అమెరికా డెల్టాలో ఫేజుల మధ్య ఉన్నది 240. చుట్టుకు అంతకు ముందు ఏ ఓల్టేజీ అందిందో ఇప్పుడూ అదే అందుతుంది. మూడు ఫేజుల మోటారుకు న్యూట్రల్ అక్కరలేదు గనక హై లెగ్ ఊసే లేదు. కొత్త స్టారు భవనంలోని 208 కన్నా పాత భవనంలోని ఈ వింత సరఫరాయే మన గ్రైండరుకు బాగా కలుస్తుంది.

చిక్కు ఫ్రీక్వెన్సీతో వస్తుంది. అక్కడ 60 హెర్ట్జ్. నిమిషానికి 1,440 తిరిగే మోటారు 1,730 దాకా వెళుతుంది, రాయి ఐదో వంతు వేగం పుంజుకుంటుంది. పిండి వేడెక్కితే పులుపు ముందే వస్తుందని రుబ్బేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఓల్టేజీ పెరగకుండా ఫ్రీక్వెన్సీ పెరిగింది కాబట్టి మోటారు లాగే బలం సుమారు 30 శాతం తగ్గుతుంది. నిండు డ్రమ్ముతో మొదలుపెడితే మొరాయిస్తుంది. కప్పీ మార్చి వేగం తగ్గించుకోవడం ఒక దారి. ఫ్రీక్వెన్సీ డ్రైవు పెట్టి 240 ఓల్టులు, 50 హెర్ట్జ్ తీసుకోవడం ఇంకా మేలు. ఆ డ్రైవు లోపల ఎర్త్‌కు కలిపిన ఫిల్టరు స్క్రూ ఉంటుంది. మూడు ఫేజులూ ఎర్త్‌కు సమాన దూరంలో లేని సరఫరా మీద దాన్ని తీసేయమని చాలా కంపెనీల మాన్యువళ్ళు చెబుతాయి. చాలామంది చదవని పేజీ అది.

అసలు అడ్డంకి కరెంటు కాకపోవచ్చు కూడా. అమెరికాలో హోటలు వంటశాలకు వచ్చే తనిఖీవాళ్ళు యంత్రం మీద గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ముద్ర, ఆహారం తగిలే సామానుకు ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటి పారిశుద్ధ్య ముద్ర చూస్తారు. అవి లేని గ్రైండరు ఎంత బాగా రుబ్బినా మూలన పడుంటుంది. ఓడ ఎక్కించే ముందే ఆ ఊరి అధికారులను అడగడం మంచిది.

హీటర్లు

ఓవెనుకు మోటారంత పట్టింపు లేదు, అయితే లెక్కలో ఖచ్చితం. 208 ఓల్టులకు చేసిన హీటరును 240 మీద పెడితే మూడో వంతు ఎక్కువ వేడెక్కి తొందరగా పోతుంది. 240కి చేసినదాన్ని 208 మీద పెడితే ముప్పాతిక వేడే ఇస్తుంది. ఇడ్లీ ఉడుకుతుంది, కాస్త ఆలస్యంగా.

మన ఇడ్లీ స్టీమర్లలో 3 కిలోవాట్ల ఎలిమెంట్లు మూడు, ఒక్కోటి 240 ఓల్టులది, స్టారుగా ఉన్నాయనుకుందాం. మొత్తం 9 కిలోవాట్లు; 415 మీద ఫేజుకు పన్నెండున్నర ఆంపియర్లు. అదే స్టీమరు ఎలిమెంట్లను డెల్టాకు మార్చి అమెరికా 240 మీద పెడితే అదే వేడి వస్తుంది, కానీ ఫేజుకు దాదాపు 22 ఆంపియర్లు. గంటల తరబడి నడిచే లోడుకు అక్కడి నియమం ప్రకారం నాలుగో వంతు కలుపుకోవాలి కనక 30 ఆంపియర్ల బ్రేకరు, దానికి తగ్గ తీగ కావాలి. ఇక్కడ సర్వీసింగుకు ఇచ్చినప్పుడు పట్టీలు పొరపాటున డెల్టాకు బిగిస్తే ఒక్కో ఎలిమెంటు మీద 415 పడి మూడు రెట్లు వేడెక్కుతుంది. ఆ స్టీమరు ఒక్క వాయి కూడా దింపదు.

తిరిగే దిశ, జనరేటరు

రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. గ్రైండరు అయితే చూడగానే తెలుస్తుంది. పొగ లాగే బ్లోయరు వెనక్కి తిరిగినా కొంత గాలి లాగుతూనే ఉంటుంది కనక నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. వంటవాళ్ళు కళ్ళు మండుతున్నాయంటుంటారు. వీధిలో ట్రాన్స్‌ఫార్మరు మార్చిన మర్నాడు ఇలాంటి ఫిర్యాదులు వస్తాయి. పెళ్ళిళ్ళ సీజనులో కళ్యాణ మండపానికి అద్దె జనరేటరు వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. కరెంటు మీద ముందుకు, జనరేటరు మీద వెనక్కి తిరిగితే మోటారు దగ్గర తీగలు మార్చి లాభం లేదు. ఛేంజోవరు స్విచ్చుకు జనరేటరు వైపు రెండు తీగలు మార్చాలి. ఆ స్విచ్చు న్యూట్రల్‌నూ తెంచే నాలుగు పోళ్ళదై ఉండాలి.

హై లెగ్ ప్యానెల్లో, సరఫరా వైపు తీగలు మార్చే ఈ వాడుక నడవదు. దిశ మార్చడానికి ప్యానెల్లో తీగలు అటూ ఇటూ చేస్తే నారింజ తీగ తన గడి విడిచి పక్క గడిలోకి రావచ్చు. ఆ పక్క గడి మీద అప్పటికే 120 ఓల్టుల సాకెట్లు ఉంటాయి. మార్చేదేదైనా మోటారు టెర్మినల్ పెట్టెలోనే మార్చాలి.

ఎర్త్

గోదావరి డెల్టా ఒండ్రు నేలలో, కాలవల పక్కన, కొద్ది లోతుకే చెమ్మ తగులుతుంది. ఎర్త్ గుంతకు ఇంతకన్నా అనువైన నేల అరుదు. అయినా గుంత తవ్వి, ప్లేటు దింపి, బొగ్గూ ఉప్పూ నింపి, అక్కడి నుంచి తీగ మాత్రం గ్రైండరు దాకా లాగని వంటశాలలున్నాయి. ఎప్పుడూ తడిగా ఉండే గచ్చు మీద, చెప్పుల్లేకుండా, తడిచేత్తో స్టీలు డ్రమ్ము పట్టుకునే మనిషికి కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కన్నా మంచి కాపలా లేదు. ఇడ్లీ స్టీమరు నాలుగు రోజులు వాడకుండా పక్కన పెడితే ఎలిమెంట్ల లోపల చెమ్మ పడుతుంది, మొదటిసారి వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. దాన్ని తీసి మామూలు ఐసోలేటరు పెట్టేయడం కొన్నిచోట్ల చూస్తాం. ఎలిమెంటును ఎండలో గానీ, సన్నసెగ దగ్గర గానీ ఆరనిచ్చి, మెగ్గరుతో ఇన్సులేషను చూసి మళ్ళీ వేస్తే చాలు. ఆరినా పడిపోతుంటే ఎలిమెంటుకు చీలిక వచ్చినట్టే, మార్చేయాలి.